మా సొంత ఊరు చెన్నపట్నం

మా తాతయ్య ఇప్పటికీ చెన్నై అనరు, చెన్నపట్నం అనే అంటారు. అది పాతకాలం వాళ్ల అలవాటు అనుకునేదాన్ని. పోయిన ఏడాది మా వీధిలో ఒక స్నేహితురాలు "మీరు తెలుగువాళ్లు కదా, మీ సొంత ఊరు ఏది?" అని అడిగింది. నేను పుట్టింది ఇక్కడే, మా నాన్న పుట్టిందీ ఇక్కడే. ఏం చెప్పాలో తెలియలేదు. ఇంటికొచ్చి తాతయ్యకు చెప్పాను. "ముందు ఈ ఊరి పేరు ఎలా వచ్చిందో తెలుసుకో" అన్నారు.

1639లో ఈ తీరం విజయనగర వంశపు రాజుల కింద ఉండేది. వాళ్ల తరఫున ఈ ప్రాంతాన్ని దామెర్ల వెంకటాద్రి నాయకుడు వందవాసి నుంచి పాలించేవాడు. ఆయన సోదరుడు అయ్యప్ప నాయకుడు పూందమల్లిలో ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే వాళ్లతో మాట్లాడి ఇక్కడ కోట కట్టుకోవడానికి అనుమతి సంపాదించాడు. అదే సెయింట్ జార్జి కోట. దాని పక్కన పెరిగిన ఊరికి ఆ సోదరుల తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద చెన్నపట్నం అనే పేరు వచ్చిందంటారు. మదరాసపట్నం అనే పల్లె అంతకుముందే ఉంది. రెండూ పెరిగి కలిసిపోయాయి. ఇంగ్లీషువాళ్లు మద్రాస్ అన్నారు, మనవాళ్లు చెన్నపట్నం అన్నారు. 1996లో ప్రభుత్వం ఊరి పేరును చెన్నైగా మార్చింది.

చెన్నకేశవ పెరుమాళ్ గుడి వల్ల ఈ పేరు వచ్చిందని ఇంకొందరు చెబుతారు. ఆ గుడి మొదట ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఉండేది. 1757లో ఇంగ్లీషువాళ్లు దాన్ని పడగొట్టారు. తర్వాత పూలబజారు దగ్గర మళ్లీ కట్టారు.

ఏ కథ నిజమో పెద్దలు తేల్చాలి. నాకు నచ్చింది ఒకటే. 'చెన్ను' అంటే తెలుగులో అందం. చెన్నప్ప పేరులోనూ, చెన్నకేశవుడి పేరులోనూ ఆ మాటే ఉంది. కన్నడంలోనూ ఉంది. అంటే మనం ఇంట్లో మాట్లాడే భాష ఈ ఊరికి కొత్త కాదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ఇక్కడే ఉండిపోయింది. మావాళ్లూ ఇక్కడే ఉండిపోయారు. పేరులో మన మాట ఉన్నంత మాత్రాన ఊరు మన ఒక్కరిదే అయిపోదు. తమిళులు ఆ పేరునే తమ రాజధానికి ఉంచుకున్నారు కదా! అలాగే మనం కూడా ఇక్కడ పరాయివాళ్లం కాదు.

మొన్న ఆ స్నేహితురాలికి జవాబు చెప్పాను: "మా సొంత ఊరు చెన్నపట్నం."

"అంటే ఇదే కదా?" అని నవ్వింది.

"అవును, ఇదే" అన్నాను.