వాయు స్థితి సమీకరణము – పుట్టుపూర్వోత్తరములు

వాయువునకు తనదను రూపము లేదు, తనదను పరిమాణమును లేదు. ఉంచిన పాత్రనంతయు ఆక్రమించుటయు, వేడిచే విరియుటయు, ఒత్తిడిచే కుంచించుటయు దాని స్వభావము. ఇట్టి చంచల పదార్థమును పీడనము, ఘనపరిమాణము, ఉష్ణోగ్రత అను మూడింటి నడుమ గల ఒక్క సంబంధమున బంధింపవచ్చునన్న భావము ఒక్కనాట పుట్టినది కాదు, ఒక్కని బుద్ధియందు పుట్టినదియు కాదు. స్థితి సమీకరణమని పేరొందిన ఆ సంబంధము యొక్క చరిత్రమును పరిశీలించినచో, సూత్రము కుదిరినచోటికంటె కుదరనిచోటనే శాస్త్రమునకు అధికలాభము చేకూరినదని తేటపడును.

1660లో ఆంగ్ల విజ్ఞాని రాబర్ట్ బాయిల్ గాలికి స్థితిస్థాపకత కలదని గ్రంథముఖమున ప్రతిపాదింపగా, ఫ్రాన్సిస్ లైనస్ అను జెసూట్ పండితుడు దానిని ఆక్షేపించి, గాలికి ఎంతోకొంత బలమున్నను భారమితిలోని పాదరసమును నిలుపునంతటి బలము లేదనియు, అదృశ్యమైన తంతువేదో ఆ స్తంభమును పైనుండి పట్టియున్నదనియు వాదించెను. దానికి సమాధానముగా 1662లో ప్రకటించిన ప్రయోగమునకై బాయిల్ ఒక గాజుగొట్టమును అడుగున వంచి, పొట్టి భుజము కొనను మూయించి, పొడవు భుజమును తెరచియుంచెను. గదిలో నిలుపజాలనంత పొడవగుటచే దానిని మెట్లదారియందు నిలిపి, ఒకరు పైనుండి కొంచెముకొంచెముగా పాదరసమును పోయుచుండగా, మరియొకరు క్రింద నిలిచి, పొట్టి భుజమున చిక్కిన గాలి ఎంతకు తగ్గినదో చూచుచుండిరి. గొట్టము పగిలినను పాదరసము పోకుండ అడుగున ఒక కొయ్యపెట్టెను అమర్చిరి. 12 అంగుళముల గాలి 6 అంగుళములకు తగ్గుసరికి పొడవు భుజములోని పాదరసము ఇంచుమించు 29 అంగుళములు అధికముగా నిలిచెను. వాతావరణ పీడనమును దాదాపు అంతియే కావున, పీడనము రెట్టింపైనప్పుడు పరిమాణము సగమగునని సిద్ధించెను. ఈ విలోమ సంబంధమును మున్ముందుగా ఊహించినవాడు రిచర్డ్ టౌన్లీ అని బాయిలే నిస్సంకోచముగా పేర్కొనెను.

పీడనము సంగతి ఇట్లు తేలినను, ఉష్ణము సంగతి తేలుటకు మరి నూటనలువదియేండ్లు పట్టెను. 1783లో హైడ్రోజన్ బెలూనునెక్కి పారిస్ నగరమునుండి ఎగిరిన జాక్ చార్లెస్, వాయువులు వేడిచే సమముగా వ్యాకోచించునని 1787 ప్రాంతమున గమనించియు ప్రకటింపకపోయెను. 1802లో గే-లుస్సాక్ స్వయముగా ప్రయోగములు చేసి, చార్లెస్‌కు దక్కవలసిన గౌరవమును దక్కించుచు, మంచు కరగు వేడిమివద్ద 100 పాళ్ళున్న వాయువు నీరు మరగు వేడిమివద్ద 137.5 పాళ్ళగునని తెలిపెను. 1834లో క్లాపేరాన్, ఉష్ణమునుండి యంత్రశక్తి పుట్టు తెరగును విచారించుచు, ఈ రెండు నియమములను ఒక్కటిగా కూర్చెను: సెంటిగ్రేడు అంకెకు 267 కలిపి ఉష్ణోగ్రతను లెక్కించినచో, పీడన ఘనపరిమాణముల లబ్ధము దానికి అనులోమముగా నుండును. పిమ్మట రెన్యో సూక్ష్మతర పరికరములతో గే-లుస్సాక్ కొలతను 136.65గా సవరింపగా, 267 స్థానమున 273 వచ్చినది.

రెన్యో అంతటితో ఆగలేదు. గాలియు బొగ్గుపులుసు వాయువును బాయిల్ నియమము చెప్పినదానికంటె కొంచెమెక్కువగాను, హైడ్రోజన్ కొంచెము తక్కువగాను కుంచించుచున్నవని ఆయన 1847లో ప్రకటించెను. 1869లో బెల్‌ఫాస్ట్ ఆచార్యుడైన థామస్ ఆండ్రూస్, బొగ్గుపులుసు వాయువును సందిగ్ధోష్ణోగ్రతయనబడు సుమారు 31 డిగ్రీలకు పైన ఎంత నొక్కినను ద్రవముగా వేరుపడదనియు, వాయుస్థితినుండి ద్రవస్థితికి ఎక్కడను తెగకుండ సాగిపోవచ్చుననియు చూపెను.

1837లో లైడెన్ పట్టణమున ఒక వడ్రంగి యింట పుట్టి, బడిపంతులుగా జీవించుచు, గ్రీకు లాటిను భాషలు చదువనందున విశ్వవిద్యాలయ పరీక్షలకు చాలకాలము అనర్హుడై, నిబంధన సడలిన పిమ్మట 1873లో తన సిద్ధాంతవ్యాసమును సమర్పించిన వాండర్ వాల్స్, ఈ భేదముల హేతువును పట్టుకొనెను. అణువులు కలవనుటకే పలువురు పెద్దలు సందేహించుచుండిన ఆ దినములలో, ఆయన వానికి పరిమాణమును, పరస్పరాకర్షణమును కలవని నమ్మెను. వాయువు పలుచగా నున్నంతవరకు ఈ రెండును లెక్కకు రావు; జనములేని రథవీధిలో నడచువానికి తన మేనివెడల్పు స్మరణకు రాదు, తిరునాళ్ళ సమ్మర్దమున అడుగడుగున తెలియవచ్చును. పాత్రగోడను తాకబోవు అణువును తక్కిన అణువులు లోపలికి లాగుటచే పీడనము తగ్గును గనుక, ‘ఎ’ అను సంఖ్యను పరిమాణ వర్గముచే భాగించి పీడనమునకు కలిపెను. అణువులే ఆక్రమించిన చోటు కదలికకు దక్కదు గనుక, పరిమాణమునుండి ‘బి’ అను సంఖ్యను తీసివేసెను. ఆకర్షణము ప్రబలమైన బొగ్గుపులుసు వాయువు అధికముగా కుంచించుటయు, ఆకర్షణము స్వల్పమైన హైడ్రోజన్ తక్కువగా కుంచించుటయు, ఆండ్రూస్ చూచిన సందిగ్ధోష్ణోగ్రతయు ఆ రెండు సంఖ్యలనుండియే వివరింపబడినవి.

ఈ సిద్ధాంతమే దారిచూపగా, కామెర్లింగ్ ఓన్స్ 1908 జూలై 10న లైడెన్ ప్రయోగశాలయందు హీలియంను ద్రవీకరించెను. 1910లో వాండర్ వాల్స్‌కు నోబెల్ బహుమానము లభించెను. 1918లో కలకత్తాయందు యువకులైన మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోసులు అణుపరిమాణ ప్రభావమును తమ రీతిగా గణించి, ఫిలసాఫికల్ మ్యాగజైన్ అను పత్రికలో వేరొక సమీకరణమును ప్రకటించిరి.

బాయిల్, గే-లుస్సాకుల నియమములు పలుచని వాయువులకు నేటికిని చెల్లుచునేయున్నవి. కాని రెన్యో తన కొలతలలోని స్వల్పభేదమును పరికరదోషమని త్రోసివేసియుండినచో, అణువులకు పరిమాణమును ఆకర్షణమును కలవని చెప్పు సాక్ష్యము మరింతకాలము మరుగునపడియుండెడిది. కొలతయందలి అట్టి నిష్ఠకే ఈ శాస్త్రము ఋణపడియున్నది కావున, బాలురకు వాయునియమమును బోధించునప్పుడు అది చెల్లుచోటుతోపాటు తప్పుచోటును చూపుట ఉపాధ్యాయుని ధర్మమని నా దృఢాభిప్రాయము.