పనిముట్టు, ఆయుధం, శిక్ష: కత్తిని వెంట ఉంచుకోవడంపై చట్టాల చరిత్ర

కత్తి అనే మాట తెలుగులో చాలా విస్తృతమైన అర్థంలో వాడుకలో ఉంది. కూరలు తరిగే కత్తిపీట, మంగలికత్తి, తాటిచెట్టెక్కే గీతకార్మికుని గీతకత్తి, కొమ్మలు నరికే మచ్చుకత్తి, రణరంగంలో దూసే కత్తి, ఇవన్నీ ఆ ఒక్క మాట నీడలోనివే. బాకు, కఠారి, సురియ వంటి కొన్ని పేర్లు మాత్రమే ఆయుధాలకు పరిమితమయ్యాయి. ఆయుధానికీ పనిముట్టుకూ మధ్య గీత భాషలో స్థిరంగా లేదు. దసరా నాటి ఆయుధపూజలో రంపం, కొలిమి సుత్తి, కుట్టుమిషను కూడా ఆయుధాల వరుసలోనే పసుపుకుంకుమలు అందుకుంటాయి. భాష ఈ విభజన లేకుండానే సాగిపోతుంది గాని చట్టం సాగలేదు. కత్తి దగ్గర ఉన్నందుకే ఒక మనిషిని కారాగారానికి పంపాలంటే, ఏ కత్తి ఆయుధమో ముందుగా చెప్పక తప్పదు.

కత్తిని వెంట ఉంచుకొని తిరిగేవారికి ఇప్పుడున్న దానికంటె కఠినమైన జైలుశిక్ష విధించాలన్న వాదం అనేక దేశాలలో మళ్ళీ మళ్ళీ ముందుకు వస్తున్నది. ఆ వాదాన్ని మద్రాసు రాజధాని నాటి చట్టాల నుంచి నేటి వరకు సాగిన చరిత్ర వెలుగులో పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం. శిక్షాకాలం కంటె, దేనిని ఆయుధమన్నారు, ఎవరి చేతిలో ఉన్నప్పుడు అన్నారు అనే రెండు విషయాలే ఈ చట్టాల ఫలితాన్ని నిర్ణయించాయని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

1860 నాటి భారత శిక్షాస్మృతి ఆయుధాన్ని మరొక నేరంతో ముడిపెట్టి చూసింది. ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిస్తే మూడేళ్ళ వరకు, మారణాయుధం ధరించి అల్లర్లలో పాల్గొంటే మూడేళ్ళ వరకు శిక్ష ఉండేది. ఇక్కడ కత్తి ఒక చర్య తీవ్రతను పెంచే అంశం మాత్రమే. చర్య ఏదీ జరగకముందే కత్తి ఉన్నందుకు శిక్షించడం వేరొక తర్కం. ఆ తర్కానికి మన ప్రాంతంలో స్పష్టమైన తొలి రూపాలలో ఒకటి శిక్షాస్మృతి కంటె ఆరేళ్ళు ముందుగా, తెలుగు జిల్లాలతో పాటు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న మలబారులో కనిపిస్తుంది.

మలబారులో 1836 నుంచి మాప్పిళ ముస్లిముల దాడులు తరచుగా జరిగాయి. వీటిపై విచారణకు 1852లో ప్రత్యేక కమిషనరుగా నియమితుడైన టి.ఎల్. స్ట్రేంజ్ వాటి మూలం మతోన్మాదమని నిర్ణయించాడు. దాని ఫలితంగా 1854లో రెండు చట్టాలు వచ్చాయి. 23వ చట్టం దేశబహిష్కారానికీ, గ్రామాలపై సామూహిక జరిమానాలకూ అధికారమిచ్చింది. 24వ చట్టం మాప్పిళల యుద్ధకత్తిని దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. స్థానికంగా ఆ కత్తికి ఆయుధకత్తి అని పేరు. కత్తి అంటే చాలక ముందు ఆయుధ శబ్దం చేర్చిన ఈ సమాసం గమనార్హం. తెలుగులాగే అక్కడి భాషలోనూ కత్తి ఒక్కటే పని చెప్పదు గనుక విశేషణం అవసరమైంది. చట్టం ఆ విశేషణాన్నే ఆధారం చేసుకొన్నది. అంతేకాదు, ఒక మతవర్గం పేరును చట్టంలోకి ఎక్కించింది.

కలెక్టరు హెచ్.వి. కనోలీ 1854 డిసెంబరులో మాప్పిళల ప్రాంతాలలో స్వయంగా పర్యటించి కత్తులను సేకరించాడు. 1855 జనవరి 31 నాటికి 7,561 కత్తులు ప్రభుత్వానికి అందినట్లు లెక్క తేలింది. పరిపాలన దృష్టితో చూస్తే ఇది గొప్ప విజయం. కాని అదే సంవత్సరం సెప్టెంబరులో కోళిక్కోడు జైలు నుంచి తప్పించుకున్న కొందరు మాప్పిళ ఖైదీలు కనోలీని ఆయన నివాసంలోనే నరికి చంపారు. కత్తులను ఏరివేసిన అధికారి తొమ్మిది నెలలు తిరగకముందే హతుడు కావడాన్ని కాకతాళీయమని పక్కన పెట్టవచ్చు. అయితే ఆ హంతకులు ప్రాణాలతో బయటపడాలని ఆశించినవారు కారు. మలబారు దాడులలో పాల్గొన్నవారు సాధారణంగా పోరాడి మరణించాలనే నిశ్చయంతోనే బయలుదేరేవారు. చావుకు సిద్ధపడినవాణ్ణి జైలు భయంతో ఆపగలమనుకోవడం చట్టకర్తల ఊహలోని మౌలిక లోపం.

1855 తరువాత 1873 వరకు పెద్ద అలజడులు తగ్గాయి గదా, అది చట్టం సాధించిన ఫలితం కాదా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ కాలంలో 23వ చట్టం కూడా అమలులో ఉంది. కనోలీ హత్య తరువాత గ్రామాల మీద భారీ జరిమానాలు వేసి, వసూలైన సొమ్ములో అధికభాగాన్ని ఆయన భార్యకు పరిహారంగా ఇచ్చారు. కత్తుల నిషేధం ఫలితాన్ని జరిమానాల భయం నుంచి విడదీసి తూచే సాధనం మనకు లేదు. తూచగలిగింది తరువాతి కథను మాత్రమే: 1873, 1880, 1885, 1894, 1896లలో దాడులు మళ్ళీ చెలరేగాయి. 1881లో విచారణ చేపట్టిన విలియం లోగన్ వాటి వేళ్ళను కౌలు సంబంధాలలో, కౌలుదారులను భూముల నుంచి తొలగించడంలో చూశాడు. కౌలుదారు భూమిలో చేసిన అభివృద్ధికి పరిహారమిచ్చే చట్టం 1887లో వచ్చింది. ఒకే ప్రభుత్వం ఒకే సమస్యకు ముప్ఫైమూడేళ్ళ తేడాతో రెండు నిదానాలు రాసిందన్నమాట.

లిట్టన్ హయాంలో వచ్చిన 1878 నాటి ఆయుధాల చట్టం మలబారు పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేసిందనడం పూర్తిగా సరికాదు. దాని ప్రధాన లక్ష్యం తుపాకులు. అయినా కత్తులు, బాకులు, బల్లేలు, విల్లమ్ములు కూడా దాని నిర్వచనంలో చేరాయి. యూరోపియన్లకు మినహాయింపు ఉండేది. 1920 నియమాల దాకా ఆ జాతిభేదం తొలగలేదు. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభలో ఈ చట్టంపై తీర్మానం వేడి చర్చకు దారితీసింది. 1930లో గాంధీ వైస్రాయి ముందు పెట్టిన పదకొండు కోరికలలో ఆత్మరక్షణకు ఆయుధాల లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. అహింసావాది ఆయుధాల లైసెన్సు అడగడం వింతగా తోచవచ్చును గాని, ఆయన అభ్యంతరం ఆయుధం మీద కాదు, ప్రజలందరినీ అనుమానితులుగా చూసే చట్టం మీద. మరొక వైపు కొడగు ప్రజలకు తుపాకుల విషయంలో బ్రిటిషు కాలంలో దక్కిన మినహాయింపు స్వతంత్ర భారతంలోనూ కొనసాగుతున్నది. 2019లో దానిని 2029 వరకు పొడిగించారు. వస్తువును బట్టి గాక దానిని ధరించే సమూహంపై ప్రభుత్వానికున్న నమ్మకాన్ని బట్టి చట్టం మారుతుందనడానికి మలబారు, కొడగు పక్కపక్కనే నిలిచిన ఉదాహరణలు.

ఈ నమ్మకం, అపనమ్మకం తెలుగు నేలపై ఎంత దూరం వెళ్ళాయో చెప్పడానికి బాపట్ల ప్రాంతంలోని స్టువర్టుపురం చాలు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారిని నిర్బంధంగా నివసింపజేసిన స్థావరమది. అక్కడ పుట్టుకే అనుమానానికి ఆధారం. బుట్టలల్లడం ఎరుకలవారి వృత్తులలో ఒకటి. వెదురు చీల్చకుండా బుట్ట లేదు, కత్తి లేకుండా చీల్చడం లేదు. అనుమానితుడని ముందే ముద్ర పడినవాని చేతిలోని వృత్తిసాధనాన్ని తనిఖీ చేసే పోలీసు ఏ కంటితో చూస్తాడో ఊహించడం కష్టం కాదు. కత్తి ధారణకు భారీ శిక్ష ఉన్న చోట ఆ చూపు విలువ ఏళ్ళలో లెక్కకు వస్తుంది.

1878 చట్టం జాతినంతటినీ నిరాయుధం చేయడానికి ఉద్దేశించినదని 1959 నాటి చట్టం రూపకర్తలు గుర్తించారు. కొత్త చట్టం కేవలం గృహావసరాలకు, వ్యవసాయానికి ఉద్దేశించిన వస్తువులను ఆయుధ నిర్వచనం నుంచి తప్పించింది. తుపాకులు కాని ఆయుధాలకు లైసెన్సు అన్నిచోట్లా అక్కరలేదు. 4వ సెక్షను కింద కేంద్రప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాలలోనే అది వర్తిస్తుంది. 1962 నియమాలు తొమ్మిది అంగుళాల కంటె పొడవైన లేదా రెండు అంగుళాల కంటె వెడల్పైన అలుగు గల కత్తులను లెక్కలోకి తీసుకొని, గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక ప్రయోజనాలవి కానివైతే అనే షరతు పెట్టాయి. మలబారు చట్టం కంటె ఇది ఎంతో వివేకమైన పద్ధతి. వర్గం పేరు పోయి కొలత వచ్చింది.

కొలత వచ్చినా సమస్య తీరలేదు. రాయలసీమ ముఠా కక్షలకు గుర్తుగా మారిన వేటకొడవలిని తీసుకుందాం. కొడవలి వ్యవసాయ సాధనం, వేట అనే పూర్వపదం దానిని పొలం నుంచి బయటకు లాగుతుంది. కమ్మరి కొలిమిలో రెండూ ఒకే ఇనుముతో, ఒకే చేతితో తయారవుతాయి. అలుగు పొడవును కొలబద్ద చెబుతుంది. ప్రయోజనాన్ని చెప్పవలసింది సందర్భమే. ఎవరు, ఎక్కడ, ఏ వేళ, ఎవరితో కలిసి, ఏ తగాదా నడుమ దాన్ని పట్టుకున్నారన్నది తేలకుండా శిక్షను పెంచితే, పెంచిన భారం పొలానికి వెళ్ళేవాడి మీద కూడా పడుతుంది. ముఠా నాయకుడు కొడవలిని తన చేత పట్టడు. పట్టేది అనుచరుడు. ధారణకు శిక్ష పెరిగినకొద్దీ అది పడేది ఆ అనుచరుని మీదనే, పట్టించినవాని మీద కాదు.

శిక్షను క్రమంగా పెంచిన ప్రయోగానికి ఇంగ్లండు ఆధునిక ఉదాహరణ. 1953 చట్టం దాడికి పనికివచ్చే ఆయుధాన్ని బహిరంగస్థలంలో ధరించడాన్ని నేరం చేసింది. 1988 చట్టం అలుగు లేదా మొన గల ఏ వస్తువుకైనా దీనిని విస్తరించి, మూడు అంగుళాలకు మించని మడతకత్తిని మాత్రం విడిచిపెట్టింది. వృత్తి, మతం, జాతీయ వేషం కారణాలుగా చూపే వీలుంది. సిక్కుల కిర్పాన్‌కూ స్కాట్లండు వేషంలోని చిన్న బాకుకూ అలా చోటు దక్కింది. మన రాజ్యాంగం 25వ అధికరణలో కిర్పాన్‌కు నేరుగా చోటిచ్చిన సంగతి ఇక్కడ గుర్తుకు రావడం సహజం. అయితే మంచి కారణం ఉందని నిరూపించే భారాన్ని ఇంగ్లండు చట్టం నిందితుని మీదనే పెట్టింది. మొదట జరిమానాతో సరిపెట్టిన ఆ నేరానికి 1996లో రెండేళ్ళ, 2006 చట్టంతో నాలుగేళ్ళ గరిష్ఠ జైలుశిక్ష వచ్చింది. 2015 నుంచి రెండవసారి పట్టుబడిన వయోజనునికి కనీసం ఆరు నెలలు. ఇంత జరిగినా 2018 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇంగ్లండు, వేల్సులలో పదునైన ఆయుధాలతో జరిగిన హత్యలు 285. లెక్కలు మొదలైన 1946 తరువాత అప్పటికి అదే అత్యధికం.

దీనివల్ల కఠినశిక్షే హత్యలను పెంచిందని చెప్పడం తొందరపాటవుతుంది. స్కాట్లండు కూడా గరిష్ఠశిక్షను మొదట నాలుగేళ్ళకు, తరువాత ఐదేళ్ళకు పెంచింది, అక్కడ హత్యలు తగ్గాయి. కాని అక్కడ 2005లో గ్లాస్గో కేంద్రంగా పోలీసులే నెలకొల్పిన హింసా నివారణ విభాగం ముఠాలలోని యువకులను పిలిచి మాట్లాడింది, వైద్యులను, పాఠశాలలను, ఉపాధి కల్పించేవారిని కలుపుకొన్నది. శిక్షతో పాటు మరొకటి నడిచిన చోట ఫలితాన్ని శిక్ష ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. భయంతో కత్తి పట్టుకునే కుర్రవానికి ఎదుటివాని కత్తి ఈ సాయంత్రపు సంగతి, జైలు ఎప్పుడో రాగల సంగతి. వీధిలోని భయం తగ్గకుండా ఈ బేరీజు మారదు.

న్యాయమూర్తి విచక్షణను తొలగించే శిక్షల విషయంలో మన సుప్రీంకోర్టు ఒక హెచ్చరిక చేసింది. నిషిద్ధ ఆయుధాల వాడకం వల్ల మరణం సంభవిస్తే ఉరిశిక్ష తప్పనిసరి చేసిన ఆయుధాల చట్టం 27(3) సెక్షనును 2012లో దల్బీర్ సింగ్ కేసులో రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. చిన్న శిక్షలకు ఆ తీర్పు నేరుగా వర్తించదు. కాని సందర్భాన్ని చూడనివ్వని శిక్ష ఏదైనా అన్యాయానికి తావిస్తుందనే దాని అంతస్సూత్రం కత్తి ధారణకు మరింత సరిపోతుంది. ఎందుకంటే ఇక్కడ సందర్భమే నేరాన్ని నేరం చేస్తుంది. అందువల్ల దాడి ఉద్దేశం రుజువైన చోట శిక్ష పెరగడం సమంజసమే. కేవల ధారణకు తప్పనిసరి కనీస శిక్షను పెంచడం మాత్రం సమర్థనీయం కాదని నా అభిప్రాయం.

ఈ విషయంలో భాషాపరిశోధకులకు కూడా ఒక పని ఉంది. చట్టం తొమ్మిది అంగుళాలు, రెండు అంగుళాలు, ప్రయోజనం అని మూడు ప్రశ్నలు అడుగుతుంటే, తెలుగు పంచనామాలో స్వాధీనం చేసుకున్న వస్తువును కత్తి అని ఒక్క మాటలో రాస్తే ఆ మూడింటిలో ఒక్కదానికీ జవాబు ఉండదు. గీతకత్తా, మచ్చుకత్తా, బాకా, వేటకొడవలా అన్నది పేరుతో, కొలతతో, దొరికిన చోటుతో నమోదైతేనే న్యాయమూర్తి ముందుకు వచ్చే సందర్భం నిజమైన సందర్భమవుతుంది. వృత్తిపదకోశాల కోసం సేకరించిన కత్తుల పేర్లు న్యాయస్థానంలో ఒక మనిషి ఏడాది జీవితాన్ని నిర్ణయించగల పదాలు.