రెండర్ ఫామ్‌లో బ్లెండర్ ఇన్‌స్టాల్ చేస్తున్నారా? ఒక్క సిస్టమ్ తేడా కొట్టినా రాత్రంతా వృథానే.. ఈ విషయాలు తెలుసుకోండి

రాత్రి రెండర్ పెట్టి ఇంటికి వెళ్లారు. ఉదయం వచ్చి ఫోల్డర్ తెరిస్తే ఫ్రేములన్నీ వచ్చేశాయి. హమ్మయ్య అనుకుని ప్లే చేశారు. తీరా చూస్తే.. మధ్యమధ్యలో హీరో చొక్కా ముదురు గులాబీ రంగులోకి మారిపోయి మళ్లీ మామూలుగా అయిపోతోంది. ఫైల్‌లో తప్పు లేదు. ఆర్టిస్ట్ పనిలోనూ తప్పు లేదు. పది సిస్టమ్స్‌లో ఒక్కదానికి మాత్రం టెక్స్చర్స్ ఉన్న ఫోల్డర్ దొరకలేదు. అంతే! ఆ ఒక్కటి చేసిన ఫ్రేములన్నీ మళ్లీ చేయాల్సిందే.

యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను ఒక కంప్యూటర్‌లో వేసుకోవడం ఐదు నిమిషాల పని. అదే పది, యాభై, వంద కంప్యూటర్లలో వేయాలంటే లెక్క మారిపోతుంది. అన్నింట్లో వేయడం కాదు.. అన్నింట్లో ఒకేలా వేయడం ఇక్కడ అసలు పని. ఉచితంగా దొరికే బ్లెండర్‌ను ఉదాహరణగా తీసుకుని ఇదెలా చేయాలో చూద్దాం.

రెండర్ ఫామ్ అంటే ఏంటి?

ఫామ్ అన్నారు కదా అని పొలం అనుకునేరు! ఒకే నెట్‌వర్క్‌లో కలిపి, ఒకే సినిమా ఫ్రేములను పంచుకుని చేసే కంప్యూటర్ల గుంపునే రెండర్ ఫామ్ అంటారు. యానిమేటర్ తయారు చేసిన సీన్‌లో వెలుగు, నీడ, రంగు లెక్కలన్నీ కట్టి తెరమీద కనిపించే బొమ్మగా మార్చడమే రెండరింగ్.

ఎందుకంత అవసరం అంటారా? చిన్న లెక్క చూడండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. గంటన్నర సినిమాకు 1,29,600 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు 10 నిమిషాలు పట్టిందనుకుంటే మొత్తం 21,600 గంటలు. అంటే ఒక్క కంప్యూటర్ ఆగకుండా పనిచేసినా 900 రోజులు! అదే 30 కంప్యూటర్లు పెడితే 30 రోజుల్లో పూర్తవుతుంది.

1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ' కోసం పిక్సార్ సంస్థ 117 సన్ కంప్యూటర్లతో ఇలాంటి ఫామ్‌నే నడిపింది. మన హైదరాబాద్‌కూ ఈ పని కొత్తేం కాదు. ఆస్కార్ అందుకున్న 'లైఫ్ ఆఫ్ పై' విజువల్ ఎఫెక్ట్స్‌లో కొంత భాగం రిథమ్ అండ్ హ్యూస్ హైదరాబాద్ స్టూడియోలోనే జరిగింది. పిల్లలకు ఎంతో ఇష్టమైన 'ఛోటా భీమ్' పుట్టింది కూడా ఇక్కడే.

మొదటి రూల్: వెర్షన్ ఒక్కటే ఉండాలి

ఆర్టిస్ట్ దగ్గర ఏ వెర్షన్ ఉందో, ఫామ్‌లోని ప్రతి సిస్టమ్‌లోనూ అదే ఉండాలి. దాదాపు అదే అంటే కుదరదు. ఉదాహరణకు, బ్లెండర్ 4.0లో ఏజీఎక్స్ అనే కొత్త కలర్ సెట్టింగ్ వచ్చింది. అంతకుముందున్న 3.6లో అది లేదు. కొత్త వెర్షన్‌లో చేసిన సీన్‌ను ఒక సిస్టమ్ పాత దాంట్లో రెండర్ చేస్తే ఆ ఫ్రేముల రంగులు పక్క ఫ్రేములతో కలవవు. ప్లే చేస్తే తెర మిణుకుమిణుకుమంటుంది. కొన్ని మెటీరియల్ సెట్టింగ్స్ కూడా 4.0లో మారాయి కాబట్టి తేడా రంగుతోనే ఆగదు.

అందుకే పెద్ద ప్రాజెక్ట్ మొదలుపెట్టేవాళ్లు ఎల్‌టీఎస్ వెర్షన్ తీసుకోవడం మంచిది. ఎల్‌టీఎస్ అంటే రెండేళ్ల పాటు కొత్త ఫీచర్లు లేకుండా రిపేర్లు మాత్రమే వచ్చే వెర్షన్. 2024 జులైలో వచ్చిన 4.2, 2025 జులైలో వచ్చిన 4.5 ఇలాంటివే. ప్రాజెక్ట్ మధ్యలో అప్‌డేట్ వచ్చిందని ఒకరిద్దరు తమ సిస్టమ్స్‌లో వేసేసుకుంటారు. గొడవ అక్కడే మొదలవుతుంది. వేస్తే అందరికీ ఒకేసారి వేయాలి. లేదంటే సినిమా అయ్యేదాకా ఆగాలి.

ఇన్‌స్టాల్ ఎలా చేయాలి?

బ్లెండర్ విండోస్‌కు రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి మామూలు ఇన్‌స్టాలర్. రెండోది జిప్ ఫైల్. ఫామ్‌కు జిప్ ఫైలే సుఖం. విప్పి ఒక ఫోల్డర్‌లో పెడితే చాలు, నడుస్తుంది. లైనక్స్‌లో కూడా ఇంతే.. కంప్రెస్ చేసిన ఫైల్ విప్పుకోవడమే.

ఇక్కడో మంచి సదుపాయం ఉంది. 4.2 నుంచి బ్లెండర్ ఫోల్డర్ లోపల ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో 'పోర్టబుల్' అనే పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ పెడితే, సెట్టింగ్స్, యాడ్-ఆన్‌లు అన్నీ దానిలోనే సేవ్ అవుతాయి. అంటే ఒక సిస్టమ్‌లో అన్నీ సరిచేసుకుని, ఆ ఫోల్డర్ మొత్తాన్ని మిగతా సిస్టమ్స్‌కు కాపీ చేస్తే సరిపోతుంది. ఒక్కో దాని ముందు కూర్చుని మళ్లీ మళ్లీ సెట్ చేయాల్సిన బాధ తప్పుతుంది.

ఫోల్డర్ పేరులో వెర్షన్ నంబర్ తప్పకుండా పెట్టండి. 4.2 ఒక ఫోల్డర్, 4.5 ఇంకో ఫోల్డర్. రెండూ ఒకే సిస్టమ్‌లో ఏ గొడవా లేకుండా ఉంటాయి. పాత ప్రాజెక్ట్ పూర్తిగా డెలివరీ అయ్యేదాకా పాతది డిలీట్ చేయొద్దు.

సర్వర్‌లో ఒక్క కాపీ పెట్టి అందరూ అక్కడి నుంచే నడిపితే పోలా అనిపించొచ్చు. నాలుగైదు సిస్టమ్స్ ఉంటే ఫర్వాలేదు. ఎక్కువైతే అన్నీ ఒకేసారి సర్వర్ మీద పడతాయి, నెట్‌వర్క్ నెమ్మదిస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను ఎవరి డిస్క్‌లో వాళ్లకు కాపీ చేసి, సీన్ ఫైళ్లు, టెక్స్చర్స్ మాత్రం సర్వర్‌లో పెట్టడం మేలు.

గులాబీ రంగు ఎందుకొస్తుంది?

మొదట్లో చెప్పుకున్న చొక్కా సంగతికి వద్దాం. బ్లెండర్‌కు టెక్స్చర్ ఫైల్ దొరక్కపోతే ఆ చోట ముదురు గులాబీ రంగు వేస్తుంది. ఎర్రర్ చూపించి ఆగిపోదు. పని పూర్తయిందనే చెబుతుంది. అందుకే ఉదయం దాకా ఎవరికీ తెలియదు.

కారణం చాలాసార్లు డ్రైవ్ లెటరే. ఆర్టిస్ట్ సిస్టమ్‌లో సర్వర్ ఫోల్డర్ జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంటే, ఇంకో సిస్టమ్‌లో అది వై డ్రైవ్‌గా ఉంటుంది. సీన్ మాత్రం జెడ్‌లోనే వెతుకుతుంది. కాబట్టి అన్ని సిస్టమ్స్‌లోనూ సర్వర్ ఫోల్డర్‌కు ఒకే లెటర్ ఇవ్వాలి. సీన్ లోపల ఫైల్ దారులను రిలేటివ్‌గా మార్చుకోవాలి. ఆర్టిస్ట్ డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉన్న బొమ్మలను ముందుగానే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి తెచ్చుకోవాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. విండోస్‌లో మీ లాగిన్‌లో పెట్టిన డ్రైవ్ లెటర్ వేరే యూజర్‌కు కనిపించదు. రెండర్ ప్రోగ్రామ్ వేరే యూజర్ పేరుతో నడుస్తుంటే, మీకు కనిపించే డ్రైవ్ దానికి అసలు లేనట్టే.

చాలామంది మర్చిపోయేవి ఇవే..

జీపీయూ సెట్టింగ్: బ్లెండర్ కొత్తగా వేసినప్పుడు సైకిల్స్ రెండరర్‌కు గ్రాఫిక్స్ కార్డ్ ఎంపిక చేసి ఉండదు. సీన్‌లో జీపీయూ అని ఉన్నా, ఆ సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో కార్డ్‌ను టిక్ చేయకపోతే చప్పుడు చేయకుండా సీపీయూ మీదే నడుస్తుంది. ఫ్రేము వస్తుంది గానీ చాలా ఆలస్యంగా వస్తుంది. సిస్టమ్స్‌లో వేర్వేరు కార్డులుంటే కాపీ చేసిన సెట్టింగ్‌ను నమ్మకండి. ఒక్కో దాంట్లో చూసి టిక్ చేయాలి.

స్క్రిప్టులు: క్యారెక్టర్ రిగ్‌లో పైథాన్ స్క్రిప్ట్ ఉంటే, భద్రత కోసం బ్లెండర్ దాన్ని తనంతట తాను నడపనివ్వదు. ఆర్టిస్ట్ తన సిస్టమ్‌లో అనుమతి ఇచ్చి ఉంటారు. ఫామ్‌లో ఇవ్వకపోతే చేయి ఒకచోట, భుజం ఒకచోట ఉంటాయి. నమ్మకమైన ఫైళ్లకు మాత్రమే ఈ అనుమతి ఇవ్వాలి.

సిమ్యులేషన్: బట్టలు, నీళ్లు, పొగ లాంటివి ముందు ఫ్రేము మీద ఆధారపడి కదులుతాయి. ఒక సిస్టమ్ నేరుగా 200వ ఫ్రేము నుంచి మొదలుపెడితే దానికి ముందు కథ తెలియదు. అందుకే రెండర్‌కు ముందే బేక్ చేసి, ఆ ఫైళ్లను సర్వర్‌లో పెట్టాలి.

ఫాంట్లు: టైటిల్స్‌కు వాడిన ఫాంట్ ఫైల్ మిగతా సిస్టమ్స్‌కు దొరక్కపోతే అక్షరాల రూపం మారిపోతుంది. ఫాంట్‌ను సీన్‌లోనే ప్యాక్ చేయడం, లేదా అక్షరాలను మెష్‌గా మార్చేయడం మంచిది.

స్లీప్, అప్‌డేట్లు: అర్ధరాత్రి విండోస్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయితే ఆ సిస్టమ్ ఆ రాత్రికి లేనట్టే. స్లీప్ మోడ్ తీసేయండి. అప్‌డేట్లను పగటిపూటకు మార్చండి.

పని ఎవరు పంచుతారు?

చిన్న స్టూడియో అయితే ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. బ్లెండర్ అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో 'ఓవర్‌రైట్' టిక్ తీసేసి, 'ప్లేస్‌హోల్డర్స్' టిక్ పెట్టండి. అవుట్‌పుట్ ఫోల్డర్ సర్వర్‌లో ఉంచి అదే ఫైల్‌ను అన్ని సిస్టమ్స్‌లో తెరిచి రెండర్ కొట్టండి. ఏ సిస్టమ్ ఏ ఫ్రేము మొదలుపెట్టినా ముందుగా ఆ పేరుతో ఖాళీ ఫైల్ పెడుతుంది. మిగతావి దాన్ని చూసి తర్వాతి ఫ్రేముకు వెళ్లిపోతాయి. అయితే మధ్యలో ఏదైనా సిస్టమ్ ఆగిపోతే దాని ఖాళీ ఫైల్ అలాగే మిగిలిపోతుంది. సైజు సున్నా ఉన్న ఫైళ్లను డిలీట్ చేసి మళ్లీ రెండర్ పెట్టాలి.

ఇంకొంచెం పద్ధతిగా కావాలంటే ఫ్లమెంకో ఉంది. బ్లెండర్ టీమే తయారు చేసిన ఉచిత ఫామ్ మేనేజర్ ఇది. ఒక సిస్టమ్‌లో మేనేజర్, మిగతా వాటిలో వర్కర్ నడుస్తాయి. ఏ సిస్టమ్ ఏ ఫ్రేము చేస్తోందో, ఎక్కడ ఆగిందో బ్రౌజర్‌లో కనిపిస్తుంది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి.. ఫ్లమెంకో బ్లెండర్‌ను ఇన్‌స్టాల్ చేయదు. ప్రతి వర్కర్‌లో మీరే వేసి, అది ఎక్కడుందో మేనేజర్‌కు చెప్పాలి. పెద్ద స్టూడియోల కోసం ఓపెన్‌క్యూ కూడా ఉంది. సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్, గూగుల్ కలిసి 2019లో దీన్ని అందరికీ ఉచితంగా ఇచ్చాయి.

ఏ పద్ధతి అయినా సరే, నేరుగా వీడియో ఫైల్‌గా రెండర్ చేయొద్దు. ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మగా రావాలి. అప్పుడే పాడైన వాటిని మాత్రమే మళ్లీ చేసుకోగలం. వీడియోగా పెడితే మధ్యలో కరెంట్ పోతే మొదటికొస్తుంది.

డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్ అయితే?

బ్లెండర్‌ను ఎన్ని సిస్టమ్స్‌లో వేసినా పైసా కట్టక్కర్లేదు. మాయా, ఆర్నాల్డ్ లాంటి వాటితో పనిచేసేవాళ్లు మాత్రం లైసెన్స్ లెక్క చూసుకోవాలి. ఆర్టిస్ట్ సీటుకు ఉన్న లైసెన్స్ ఫామ్‌లోని సిస్టమ్స్ అన్నింటికీ సరిపోతుందని అనుకోవద్దు. ఆర్నాల్డ్‌కు లైసెన్స్ దొరక్కపోతే ఫ్రేము మీద వాటర్‌మార్క్ పడుతుంది. అదీ ఉదయమే తెలుస్తుంది! ఎన్ని సిస్టమ్స్ ఒకేసారి నడపబోతున్నారో ముందే లెక్కేసుకుని లైసెన్స్‌లు తీసుకోవాలి.

ఇంటికి వెళ్లే ముందు పది నిమిషాలు..

అన్నీ అయ్యాక ఒక చిన్న పరీక్ష పెట్టండి. సీన్‌లో అన్నింటికన్నా బరువైన ఫ్రేమును ఎంచుకోండి. ఆ ఒక్క ఫ్రేమునే అన్ని సిస్టమ్స్‌లో రెండర్ చేయించండి. వచ్చిన బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రంగు తేడా ఉంటే వెర్షన్ చూడాలి. గులాబీ కనిపిస్తే దారి చూడాలి. బొమ్మ సరిగ్గానే ఉండి ఒక్కటి మాత్రం బాగా ఆలస్యమైతే జీపీయూ టిక్ చూడాలి. ఒకటి అసలు రాకపోతే గ్రాఫిక్స్ కార్డ్ మెమరీ సరిపోలేదేమో చూడాలి. తేడా వచ్చిన సిస్టమ్‌ను ఆ రాత్రికి పక్కన పెట్టేయండి. పది తప్పు ఫ్రేముల కన్నా ఒక సిస్టమ్ తక్కువైనా నయమే.

కరెంట్ బిల్లు కూడా మర్చిపోవద్దు. ఒక్కో సిస్టమ్ 500 వాట్లు లాగితే పది సిస్టమ్స్ పది గంటలకు 50 యూనిట్లు. తప్పు ఫ్రేములకైనా, సరైన ఫ్రేములకైనా మీటర్ ఒకేలా తిరుగుతుంది.

ఫామ్ లేకపోతే సినిమా తీయలేమా?

తీయొచ్చు. 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా 'ఫ్లో' బ్లెండర్‌లోనే తయారైంది. వేగంగా పనిచేసే ఈవీ అనే రెండరర్‌ను ఎంచుకోవడంతో దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ ఫైనల్ రెండర్‌ను తన సొంత పీసీలోనే పూర్తి చేశారు. అంటే మీ కథకు ఎలాంటి లుక్ కావాలో ముందు తేల్చుకుంటే, ఫామ్ కావాలో వద్దో తెలిసిపోతుంది.

కావాల్సి వస్తే మాత్రం.. వెర్షన్ ఒకటే, దారి ఒకటే, సెట్టింగ్స్ ఒకటే. ఈ మూడూ సాయంత్రమే చూసుకుంటే ఉదయం ఫోల్డర్ తెరిచేటప్పుడు గుండె దడ ఉండదు.