టెట్రాసైక్లిన్ పుట్టుపూర్వోత్తరములు

అమెరికా దేశమున మిస్సౌరీ విశ్వవిద్యాలయమువారి శాన్‌బర్న్ క్షేత్రమందు, 1888వ సంవత్సరము మొదలుకొని ఎరువన్నది వేయక, ఏటేట తిమోతి యను పశుగ్రాసమునే పెంచుచు వచ్చిన మడి యొకటి కలదు. ఆ మడిలోని మన్నును 1945లో విలియం ఆల్‌బ్రెక్ట్ అను మృత్తికాశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌కు బంపెను. విశ్వవిద్యాలయోద్యోగమునుండి విరమించి, డెబ్బదియేండ్లు గడచిన పిదప, న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలయందు జేరిన ఆ వృద్ధ వృక్షశాస్త్రవేత్త, నానాప్రదేశముల మన్నులను పరీక్షించుచు, ఈ మంటియందు బంగారువన్నెగల సూక్ష్మజీవి నొకదానిని గనుగొనెను. దానినుండి లభించిన ద్రవ్యమే 1948లో లోకమునకు వెల్లడియైన ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ వర్గమున కాద్యము.

ఆ ప్రయోగశాలలో పరిశోధనల కధ్యక్షులు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ మందును గనుగొన్నది ఆయనయే యని మనవా రనేకులు వ్రాయుచుందురు. అది డగ్గర్‌కు న్యాయము గాదు. సుబ్బారావుగారి కవసరమును గాదు. వృక్షశాస్త్రజ్ఞులను, రసాయనికులను, వైద్యులను ఒక్క పనికై కూర్చి నడపిన ఘనత ఆయనది, అది స్వల్పము గాదు. మందు వెల్లడియైన యేటనే, ఆగస్టు మాసమున, ఆయన కీర్తిశేషులైరి.

పెన్సిలిన్ సూక్ష్మజీవి తన చుట్టును గోడ కట్టుకొనుటను చెఱచి దానిని జంపును. మన కణములకు గోడ లేదు గావున మనకు హాని లేదు. టెట్రాసైక్లిన్ మార్గము వేఱు. సూక్ష్మజీవి లోపల మాంసకృత్తులను నేయు రైబోసోమను యంత్రమునకు బట్టుకొని, నేతగానికి నూలందించు చేతిని అడ్డగించినట్లు, కొత్త అమైనో ఆమ్లములు వచ్చి చేరకుండ నిలుపును. క్రిమి వెంటనే చావదు, పెరుగుట మానును. తక్కిన పని దేహరక్షణశక్తి పూర్తిచేయును. మన రైబోసోముల నిర్మాణము వేఱగుటయు, సూక్ష్మజీవి ఈ మందును తనలోనికి తానే పోగుచేసికొనుటయు మనల గాపాడుచున్నవి.

కణములలోపల దాగి పెన్సిలిన్‌కు లొంగని క్రిములపై ఈ వర్గము ప్రభావము మిక్కిలి గొప్పది. పొదలలోని చిన్న పురుగులు కఱచుటవలన వచ్చి, కాటుచోట నల్లని పెచ్చు గట్టు స్క్రబ్ టైఫస్ జ్వరము తెలుగునాటను గలదు. దానికి వైద్యులు మొదట వ్రాయునది 1967లో వచ్చిన డాక్సీసైక్లినే. ఎలుకల మూత్రమువలన వ్యాపించు జ్వరమునకు, కొన్ని మొటిమలకు, ఇతర మందులతో గూడ బ్రూసెల్లా జ్వరమునకు దీనిని వాడుదురు. కలరాలో ఉప్పునీటి చికిత్సయే ప్రధానము; ఇది తోడు మాత్రమే. జలుబు వైరసులకు సొంత రైబోసోములే లేవు గనుక వానిపై నిది వ్యర్థము. కాల్షియము, ఇనుము వంటి లోహములతో పెనవేసికొను స్వభావముచే పాలతోను, ఇనుపమాత్రలతోను టెట్రాసైక్లిన్‌ను మ్రింగిన నది దేహమునకు సరిగా నెక్కదు. ఆ స్వభావముచేతనే యెదుగుచున్న దంతములలో నిలిచి మచ్చలు చేయును. కావున గర్భిణులకును, ఎనిమిదేండ్లలోపు పిల్లలకును సాధారణముగా నీయరు. ప్రాణాపాయకరమగు టైఫస్‌లో వైద్యుడు డాక్సీసైక్లిన్‌ను పిల్లలకైనను ఈయవచ్చును.

ప్రకృతిదత్తమైన అణువును ముట్టుకొన్న మందు చెడునను భయము రసాయనికులకు ఉండెను. ఫైజర్ సంస్థలోని లాయిడ్ కానోవర్ ఆరియోమైసిన్‌నుండి క్లోరిన్‌ను దొలగించి టెట్రాసైక్లిన్‌ను సాధించి ఆ భయమును బోగొట్టెను. అయితే కోళ్ళకు, పశువులకు మేతలో గలిపి, వలసినదానికన్న మిక్కుటముగా వాడుటచే, మందును వెలికి గ్రక్కు పంపులు గల క్రిములు ప్రబలినవి. ఆ పంపులను దప్పించుకొనునట్లు మలచిన టైజీసైక్లిన్ 2005లో వచ్చినది. అది నరముగుండ నెక్కించు మందు, కడుపులోను చర్మమునందును ముదిరిన వ్యాధులకై ఆసుపత్రులలో వాడుదురు.