మరమనిషి తొలి కొలువు

మరమనిషి యనగానే రెండు కాళ్లపై నడచుచు, కన్నులలో ఎర్రదీపములు వెలిగించుకొని మాటలాడు ఒక లోహవిగ్రహము పిల్లల ఊహలో నిలుచును. పెద్దల ఊహయు అంతకంటె భిన్నము కాదు. కాని కర్మాగారమున కొలువునకు కుదిరిన తొలి మరమనిషికి కాళ్లు లేవు, తల లేదు, నోరు అసలే లేదు. దాని కున్నదెల్ల ఒక్క చేయి. ఆ చేతి చరిత్రయు, దాని సరసన నిలువవలసి వచ్చిన మనుష్యుల చరిత్రయు మనము తెలిసికొనదగినవి.

మొదట పేరు సంగతి. 'రోబో' అను మాట కర్మాగారమున పుట్టలేదు, నాటకరంగమున పుట్టినది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమున కృత్రిమముగా తయారైన పనివారికి ఆ పేరు పెట్టెను. 1921లో అది ప్రాగ్ నగరమున ప్రదర్శింపబడెను. మాటను సూచించినది ఆయన అన్న, చిత్రకారుడైన జోసెఫ్. చెక్ భాషలో 'రోబోత' యనగా దొర భూమిలో రైతు కూలి లేకుండ చేయవలసిన నిర్బంధపు పని. తెలుగువారికి, అందును తెలంగాణము వారికి, ఈ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. వెట్టి యన్నచో చాలును. మనము మరమనిషి యని మర్యాదగా పిలిచితిమి గాని, మూలార్థమును బట్టి వెట్టివాడు అనవలసి యుండెను.

ఇక చేయి సంగతి. 1912లో అమెరికాలోని లూయివిల్ నగరమున జన్మించిన జార్జి డెవోల్ కళాశాల మెట్లెక్కినవాడు కాడు. ఒక వస్తువును ఒకచోట పట్టుకొని మరియొకచోట విడుచుట, ఇంతే ఆయన తలంపు. ఆలోచించి చూచినచో కర్మాగారములలో జరుగు పనిలో చాలభాగము ఇదియే గదా! ఆ తలంపునకు 1954 డిసెంబరులో పేటెంటు కోరగా, 1961 జూనులో లభించెను. నడుమ 1956లో ఒక విందులో జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ అను ఇంజనీరుతో పరిచయము కలిగెను. ఆసిమోవ్ వ్రాసిన మరమనుష్యుల కథలన్న ఈయనకు మక్కువ. వారి కృషి వలన ఏర్పడిన యంత్రమే 'యూనిమేట్'.

తమంతట తాము పనిచేయు యంత్రములు అంతకుముందు లేకపోలేదు. అయితే సీసాలు నింపు యంత్రము సీసాలనే నింపును. చేయవలసిన పని మారినచో యంత్రమునే మార్చవలెను. యూనిమేట్ అట్టిది కాదు. సుమారు 1,800 కిలోల బరువుగల ఈ చేతికి కండల బలము ద్రవపు ఒత్తిడి వలన వచ్చును. జ్ఞాపకశక్తి ఒక అయస్కాంతపు డోలులో నుండును. నిపుణుడు చేతిని ఒక్కొక్క స్థానమునకు నడిపించి బొత్తాము నొక్కగా ఆ స్థానము డోలుపై నమోదగును. పిమ్మట అదే క్రమమున, రేయనక పగలనక, చేయి కదలుచునే యుండును. పని మారినచో క్రొత్తపాఠము నేర్పిన చాలును. డెవోల్ కల్పనలోని గొప్పతనమెల్ల ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. బలముగల యంత్రములను లోకము అదివరకే చూచెను. పాఠము నేర్చుకొను చేతిని చూడలేదు.

1961లో ఈ చేయి న్యూజెర్సీ రాష్ట్రమున ట్రెంటన్ చెంతనున్న ఈవింగ్‌లో, జనరల్ మోటార్స్ వారి కర్మాగారమున పనికి కుదిరెను. కరిగిన లోహమును అచ్చున ఒత్తి తీసిన భాగములను పట్టి తొలగించుటయే దాని పని. సెగ, ఆవిరులు, ఏమరినచో అంగవైకల్యము. అట్టి పనిని యంత్రమున కప్పగించుటకు ఎవరు కాదందురు?

1966లో అమెరికా టెలివిజనులో ఈ చేయి గోల్ఫు బంతిని గుంటలో వేసి, గ్లాసులో బీరు పోసి, వాద్యబృందమునకు తాళము చూపి చూపరులను అలరించెను. వేడుకకు చాలిన చేయి లాభమునకు చాలలేదు; ఎంగెల్‌బర్గర్ సంస్థ 1975 వరకు లాభము చూడలేదు. ఈలోగా కార్మికుల కొరతతో బాధపడుచున్న జపానులో కవాసాకి సంస్థ 1968లో ఒడంబడిక చేసికొని, మరుసటి యేడే తన దేశమున యూనిమేట్లను తయారుచేసెను.

అమెరికాలో మాత్రము కథ వేరొక మలుపు తిరిగెను. 1970లో ఒహాయో రాష్ట్రపు లార్డ్స్‌టౌన్‌లో జనరల్ మోటార్స్ వారు ఒక చిన్నకారు నిర్మింప నారంభించిరి. పేరు 'వేగా'. ఆకాశమున మన అభిజిత్తుకు పాశ్చాత్యులు పెట్టిన పేరది. తెలుగు చెవికి మాత్రము వేగమే స్ఫురించును. అది సార్థకమే అయ్యెను. కార్ల ఒడళ్లను యూనిమేట్ చేతులు వెల్డింగు చేయగా, అసెంబ్లీ లైనుపై గంటకు 100 కార్లు సాగవలెనని నిర్ణయించిరి. అంతకుముందు అట్టి కర్మాగారములలో గంటకు 60 కార్లు సాగిన అది మంచి వేగమే. ఇప్పుడు ఒక్కొక్క కార్మికునకు చిక్కినది 36 సెకండ్లు. రేడియోలో పదిహేను నిమిషముల ప్రసంగము ముగియునప్పటికి 25 కార్లు అతని ముందునుండి సాగిపోవును. ప్రతిదానికి అతడు అదే మర బిగింపవలెను, లేదా అదే తీగ తగిలింపవలెను. ట్రెంటన్‌లో ఉక్కు చేయి మనుష్యుని సెగనుండి తప్పించెను. లార్డ్స్‌టౌన్‌లో మనుష్యుడు ఉక్కు చేతి నడకను అందుకొనవలసి వచ్చెను.

1971 చివరలో సంస్థలోని వేరొక విభాగము కర్మాగారమును చేపట్టి కొన్ని వందలమందిని తొలగించెను. వారి పనియు మిగిలినవారి తలపై పడెను. 36 సెకండ్లు మాత్రము 36గానే యుండెను. కార్మికులలో పలువురు ఇరువది యేండ్లు దాటి కొంతకాలమే అయిన యువకులు. మరలు బిగింపని కార్లు, సగము పనితో వచ్చిన కార్లు లైను చివర గుంపులు గుంపులుగా నిలిచినవి. విధ్వంసమని యాజమాన్యము, వ్యవధి చాలలేదని కార్మికులు. 1972 మార్చిలో సమ్మె మొదలై మూడు వారములు సాగెను. తొలగించినవారిని తిరిగి తీసికొనవలెనని, పనికి తగిన వ్యవధి ఈయవలెనని వారు కోరిరి. వెల్డింగు చేయు ఆ ఉక్కు చేతులను తీసివేయుడని వారు కోరలేదు.