దాయాదులు: రెండు కూపేల కథ

పోయిన వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంగ్లాండు నుండి మా బావగారు ఫోను చేశారు. ఆయన అక్కడ ముప్ఫయ్యేళ్లకు పైగా వైద్యవృత్తిలో ఉండి ఈమధ్యనే విరమించారు. కుశలప్రశ్నలు కాగానే అసలు సంగతికి వచ్చారు.

"ఏవోయ్, రెండు కార్లు చూసి పెట్టుకున్నాను. రెండూ పాతవే. ఒకటి జాగ్వార్ ఎక్స్‌కే8, ఒకటి ఆస్టన్ మార్టిన్ డీబీ7. ఏది కొనమంటావు?"

కారు నడపడం రాని నన్ను ఈ ప్రశ్న అడగడానికి కారణం ఒక్కటే. చిన్నప్పటి నుండి నాకు మోటారు వాహనాల చరిత్ర చదివే వ్యసనం ఉంది. ఈలోగా వెనుక నుండి మా అక్క గొంతు వినిపించింది: "ఏది కొన్నా అందులో కూర్చున్నాక నా మోకాళ్లు లేవవని చెప్పరా!" ఆ వాదంలో నేను తలదూర్చలేదు. కానీ ఆ రెండు పేర్లూ వినగానే నాకు నవ్వు వచ్చింది. బావగారు తెలియక రెండు వేర్వేరు వంశాల కార్లనుకొన్నారు. అవి నిజానికి దాయాదులు.

ఆ కథ మిత్రులకు కూడా చెప్పాలనిపించి ఈ వ్యాసం మొదలుపెట్టాను.

జాగ్వార్, ఆస్టన్ మార్టిన్ రెండూ ఆంగ్లేయుల అభిమానధనాలే అయినా వాటి స్వభావాలు వేరు. జాగ్వార్ అధిపతి విలియం లయన్స్‌ది ఒకటే సూత్రం: ధనవంతుడి కారు అందాన్నీ వేగాన్నీ అంతకంటే బాగా తక్కువ ధరకు అందించాలి. 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో ఈ-టైప్‌ను నిలబెట్టినప్పుడు లోకం నివ్వెరపోయింది దాని రూపానికే కాదు, ధరకు కూడా. పన్నులతో కలిపి కూపే ధర సుమారు 2,200 పౌండ్లు. అప్పటి ఆస్టన్ మార్టిన్ డీబీ4 కొనాలంటే దాదాపు 4,000 పౌండ్లు కావలసి వచ్చేది. డీబీ అంటే డేవిడ్ బ్రౌన్. ట్రాక్టర్లు, గేర్లు తయారుచేసే ఈ పారిశ్రామికుడు ఆస్టన్ మార్టిన్‌ను 1947లో కొని, 1972 దాకా నడిపాడు. ఆయన కార్లు తక్కువ సంఖ్యలో, చేతిపనితో తయారయ్యేవి. ఒకటి పదిమందికి అందే వైభవం, మరొకటి అందకపోవడంలోనే ఉన్న వైభవం.

1975లో ఈ-టైప్ వారసత్వాన్ని ఎక్స్‌జేఎస్ స్వీకరించింది. 1968 నాటి ఎక్స్‌జే సెడాన్ అడుగుచట్రాన్ని కురచ చేసి, దానిమీద కట్టిన పెద్ద కూపే అది. ఈ-టైప్‌ను ప్రేమించినవారికి దాని రూపం రుచించలేదు. అందుకే 1980 దశకం మొదట్లో జాగ్వార్ ఒక నిజమైన వారసుని కోసం రహస్యంగా ప్రయత్నం మొదలుపెట్టింది. దాని సంకేతనామం ఎక్స్‌జే41. రూపకర్త కీత్ హెల్ఫెట్. బొమ్మ అందంగానే కుదిరింది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ జంట టర్బోలు, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు వచ్చి చేరి బరువు పెరిగింది, ఖర్చు పెరిగింది. 1989లో ఫోర్డు సంస్థ 160 కోట్ల పౌండ్లకు జాగ్వార్‌ను కొనడానికి ఒప్పందం చేసుకొంది. కొత్త యజమానులు లెక్కలు చూశారు. 1990లో ఎక్స్‌జే41 ఆగిపోయింది.

ఇక్కడ కథలోకి టామ్ వాకిన్‌షా ప్రవేశిస్తాడు. జాగ్వార్ పందెపు కార్లను నడిపించి లె మాన్స్‌లో గెలిపించిన ఘటికుడు. పారేయబోతున్న ఆ రూపాన్ని అతడు వదలలేదు. దాన్ని పాత ఎక్స్‌జేఎస్ చట్రం మీదికి ఎక్కిస్తే తక్కువ ఖర్చుతో కొత్త కారు తయారవుతుందని అతని ఆలోచన. ఆ పనిని తన సంస్థలో కొత్తగా చేరిన స్కాట్లండు యువకుడు ఇయన్ కాలమ్‌కు అప్పగించాడు. కాలమ్ దాని రేఖలన్నీ తిరిగి దిద్దాడు. కానీ జాగ్వార్ దాన్ని తీసుకోలేదు.

అదే సమయంలో ఫోర్డు చేతిలోనే ఉన్న ఆస్టన్ మార్టిన్ ఊపిరి ఆడక కొట్టుకుంటోంది. ఫోర్డు 1987లోనే ఆ సంస్థలో అధికభాగం కొనుగోలు చేసింది. 1991లో దాని అధ్యక్షపదవికి వచ్చిన వాల్టర్ హేస్ తెలివైనవాడు. కొత్త కారును మొదటినుండి తయారుచేసే డబ్బు లేదని అతనికి తెలుసు. జాగ్వార్ వద్దన్న ఆ కారు అతని కంటపడింది. ముందరి జాలీ మార్చి, ఆస్టన్ మార్టిన్ ముఖం తొడిగారు. హేస్ ఇంకో పని కూడా చేశాడు. వృద్ధుడైన డేవిడ్ బ్రౌన్‌ను గౌరవాధ్యక్షునిగా పిలిపించి, ఆయన పేరులోని రెండు అక్షరాలను మళ్లీ వాడుకోవడానికి అనుమతి పొందాడు. అలా డీబీ6 తరువాత ఎన్నో ఏళ్లకు డీబీ7 పుట్టింది. 1993 మార్చిలో జెనీవాలో దాన్ని చూపించారు. ఆ సెప్టెంబరులోనే బ్రౌన్ కన్నుమూశాడు.

1994 నుండి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బ్లాక్సమ్ గ్రామంలో డీబీ7 తయారైంది. అంతకుముందు జాగ్వార్ ఎక్స్‌జే220 తయారైన కర్మాగారం అదే. ఇంజను 3.2 లీటర్ల ఆరు సిలిండర్లది, సూపర్‌చార్జరుతో 335 అశ్వశక్తి. దాని మూలం కూడా జాగ్వార్ ఇంజనే. వెనుక దీపాలు మాజ్దా 323 నుండి వచ్చాయి. ధర మాత్రం దాదాపు 78 వేల పౌండ్లు.

మరి పుట్టింటివారు ఏమి చేశారు? జాగ్వార్ కూడా చివరకు అదే ఎక్స్‌జేఎస్ చట్రాన్ని దిద్దుకొని, సరికొత్త 4 లీటర్ల వీ8 ఇంజను పెట్టి, 1996 మార్చిలో అదే జెనీవాలో ఎక్స్‌కే8ను విడుదల చేసింది. అది జెఫ్ లాసన్ నాయకత్వంలోని రూపకర్తల కృషి. శక్తి 290 అశ్వశక్తి, కూపే ధర 48 వేల పౌండ్లకు కాస్త లోపు. ఎక్స్‌జేఎస్, డీబీ7, ఎక్స్‌కే8 మూడింటికీ ముందు వెనుక చక్రాల మధ్య దూరం దాదాపు 2.59 మీటర్లే. చొక్కాలు వేరు, ఎముకలు ఒకటే. 1961లో ఈ-టైప్‌కూ డీబీ4కూ ఉన్న ధరల తేడా ముప్ఫయ్యయిదేళ్ల తరువాత కూడా ఇంచుమించు అలాగే నిలిచిందని గమనించండి. ఈసారి మాత్రం ఆ తేడా ఒకే యజమాని రెండు గదుల మధ్య గీసిన గీత.

నా తీర్పు సులభంగానే తేలింది. బావగారికి అన్నీ వివరించి, "ఎముకలు ఒకటే అయినప్పుడు పేరుకు అంత ధర ఎందుకు? ఎక్స్‌కే8 కొనండి. అయితే 2000 చివరి తరువాత తయారైనది చూడండి. అంతకుముందువాటి సిలిండర్ల లోపలి నికసిల్ పూతను గంధకం ఎక్కువగా ఉన్న పెట్రోలు తినేసేది. తరువాత ఉక్కు తొడుగులు వేశారు" అన్నాను. జాగ్వార్ ఇప్పుడు మన టాటాలది కదా అన్న మాట మాత్రం నేను వాడలేదు. ఎక్స్‌కే8 తయారీ 2005లోనే ఆగిపోయింది, టాటా మోటార్స్ జాగ్వార్‌ను కొన్నది 2008లో. ఆ కారులో మన గొప్ప ఏమీ లేదు.

బావగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నారు: "నువ్వు ఎక్స్‌కే8 కొనమని చెప్పావు గానీ, నీ కథ విన్నాక నా మనసు రెండో దాని మీదికి పోయిందోయ్. పుట్టినచోట వద్దన్నారు. వేరే ఇంటికి వెళ్లింది. ఆ ఇంటి పేరు పెట్టుకొని ఆ ఇంటినే నిలబెట్టింది. దానికి ఇంకో ఇంటి దీపాలున్నాయని చిన్నచూపు చూడమంటావా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. బావగారు ఇక్కడ పీజీ సీటు కోసం మూడుసార్లు రాసి, రాక, ఆ దేశానికి వెళ్లిన మనిషి. అక్కడ తొలి ఉద్యోగంలో ఆయన పై వైద్యుడి ఎక్స్‌జేఎస్ ఆసుపత్రి ముందు ఆగి ఉండేదని, రాత్రి డ్యూటీ ముగించుకొని బస్సు కోసం నడుస్తూ దాన్ని చూసేవాడినని ఒకసారి చెప్పారు. నేను చట్రాలూ ధరలూ లెక్కవేశాను. ఆయన విన్నది వేరే కథ.

ఆయన అన్నదాంట్లో చరిత్ర కూడా ఉంది. డీబీ7 సుమారు 7 వేలు అమ్ముడుపోయింది. అంతవరకు ఆ సంస్థ తయారుచేసిన ఏ ఒక్క నమూనా కూడా ఆ సంఖ్యకు చేరలేదు. ఆ కారు లేకపోతే ఆస్టన్ మార్టిన్ ఈనాడు ఉండేదా అన్నది సందేహమే. ఇక ఇయన్ కాలమ్ సంగతి. 1999లో జెఫ్ లాసన్ హఠాత్తుగా మరణించడంతో, తన బొమ్మను కాదన్న జాగ్వార్‌కే అతడు రూపకల్పన సారథిగా వెళ్లాడు. ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నాడు. 2005లో వచ్చిన కొత్త ఎక్స్‌కే కూపేను చూసి చాలామంది ఆస్టన్ మార్టిన్ పోలికలున్నాయన్నారు. ఉండవా మరి? చేయి ఒకటే.

చరిత్ర తెలిస్తే ఎంపిక తేలికవుతుందని నేను అనుకొనేవాణ్ణి. అది నిజం కాదు. చరిత్ర రెండు పక్షాలకూ సాక్ష్యం చెబుతుంది. ఎవరికి ఏ సాక్ష్యం వినిపిస్తుందో అది వారి జీవితం మీద ఆధారపడి ఉంటుంది.

బావగారు డీబీ7 కొన్నారు. ఆకుపచ్చ రంగుది. మా అక్క మొదటిసారి అందులోంచి దిగడానికి ఇద్దరు సాయం పట్టవలసి వచ్చిందట. ఫొటో పంపారు. నేను ముందుగా చూసింది వెనుక దీపాలనే.