కోడిని కాల్చడం దొరల అలవాటా?

నేను తమిళంలో చదివినవాణ్ణి, తప్పులుంటే సర్దుకొని చదవండి.

పోయిన ఆదివారం నాతో రైల్వేలో పనిచేసి రిటైరైన నలుగురు మా ఇంటికి వచ్చినారు. పెరట్లో ఇటుకలు పేర్చి, బొగ్గులు రాజేసి, పైన ఇనుప కమ్మీలు వేసి కోడిని కాల్చినాము. తొందరపడి మంట ఉండగానే పెట్టేశాము. పైన మాడింది, లోపల పచ్చి! బొగ్గుకు తెల్లగా బూడిద పట్టేదాకా ఆగాలని తెలిసేసరికి రెండు తొడలు పాడైపోయినాయి. మిగతాది బాగా కుదిరింది.

ఆ ఫోటో మన గ్రూపులో పెడితే ఒక అన్న రాసినారు: "ఇది దొరల అలవాటు, మనది కాదు. సంఘం విందులో ఇట్లాంటివి వద్దు." అన్న అంటే నాకు గౌరవమే. కానీ ఈ మాట మాత్రం ఒప్పుకోలేను.

బళ్ళో మా తమిళ అయ్యవారు పత్తుప్పాట్టు చెప్పేవారు. అందులో పెరుంబాణాట్రుప్పడై అని సంగకాలపు పాట. కాంచీపురం ఏలిన తొండైమాన్ ఇళందిరైయన్ దగ్గరికి పోయే పాణుడికి దారి చెప్తుంది. దారిలో సేద్యగాళ్ళ ఊరికి పోతే తెల్లటి వరి అన్నం, ఇంట్లో పెంచిన పెట్టను వాట్టి పెడతారంట. వచ్చినవాడు ముక్కూ మొహం తెలియని పాటగాడు, అయినా ఇంటి కోడినే కోసినారు. ఇంకో పాట, పొరునరాట్రుప్పడై. కరికాల చోళుడి ఇంట చువ్వకు గుచ్చి కాల్చిన మాంసం పెడితే, వేడి తాళలేక నోట్లో ఈ బుగ్గకూ ఆ బుగ్గకూ మార్చుకుంటూ తిన్నారంట. మా పెరట్లో మేమూ అంతే!

అది తమిళుల సంగతి, మనకేమి అంటారేమో. మన పెద్దలు చాలామంది ఈ పక్కకు వచ్చింది విజయనగరం, నాయకుల కాలంలో. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు పాయెస్, ఒక చిన్న నాణేనికి నగరంలో మూడు కోళ్ళు, బయట నాలుగు ఇస్తారని రాసినాడు. తరవాత వచ్చిన నూనిజ్, అక్కడి రాజులు ఆవు, ఎద్దు మాంసం తప్ప గొర్రె, పంది, జింక, కౌజు అన్నీ తింటారని రాసినాడు.

దొరలతో వచ్చినవాటిలో మిరపకాయ ఒకటి. అది అమెరికా ఖండాల పంట, పోర్చుగీసువాళ్ళు తెచ్చినారు. అంతకు ముందు కారమంటే ఎక్కువగా మిరియమే. అందుకే తమిళంలో మిళగు పేరుతో మిళగాయ్, మనకు మిరపకాయ.

మా అమ్మ నాటుకోడి ఈకలు పీకి, పసుపు పూసి, గడ్డి మంట మీద తిప్పేది. "కోడిని వాట్టినావా?" అని నాయన అడిగేవాడు. ఇంట్లో అంతా తెలుగే, ఆ ఒక్క మాట మాత్రం తమిళం. ఆ పాటలో ఉన్న మాటే అని బళ్ళో విన్న రోజు ఇంటికి పరిగెత్తి చెప్తే, అమ్మ నవ్వి, "పాట సరేరా, గడ్డి తీసుకురా పో" అనింది.

అన్నా, విందుకు ఇటుకలు నేనే తెస్తాను. మీరు కూర్చోండి చాలు.